అన్నయ్యంత బస్తా

మా వదిన కసరత్తు క్లాసులో చేరిందని విన్న రోజు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆవిడ మనిషి ఎంత గనక? గాలి గట్టిగా వీస్తే గుమ్మం పట్టుకోవలసిన మనిషి. దర్జీ దుకాణంలో ఓ మూల కూర్చుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లకు అంచులు మడిచి కుట్టడం తప్ప వేరే వ్యాయామం ఎరగదు. అరవై దాటాక, భాష రాని దేశంలో, బరువులెత్తే క్లాసు!

"ఏం వదినా, కుస్తీ పోటీలకు వెళ్తున్నావా ఏంటి?" అన్నాను ఫోనులో.

"మీ అన్నయ్యని ఎత్తడానికమ్మాయీ" అంది. నాకు యాభై దాటినా ఆవిడకి నేనింకా అమ్మాయినే. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మా అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఈ దేశమొచ్చి ఇన్నేళ్ళు స్టీరింగు తిప్పి, రిటైరై కాళ్ళు చాపుకుందామనుకునేసరికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పోవడం ఒక ఎత్తు, ఇక్కడి భాష మొత్తం పోవడం ఒక ఎత్తు. ఆ భాషలో బస్సంతా నవ్వేలా జోకులేసిన మనిషికి అందులో ఒక్క మాట మిగల్లేదు. మిగిలింది తెలుగు, అదీ ముద్దముద్దగా. ఆ తెలుగు అర్థమయ్యేది ఊరు మొత్తానికి మా ఇద్దరికే.

ఇంటికొచ్చి చూసే నర్సు నిక్కచ్చి మనిషి. పొద్దున పూట స్నానం చేయించడానికి మనుషుల్ని పంపేది, వారానికొక కొత్త మొహం. దుకాణం పని ఇంటికే తెచ్చుకుని, మిగతా పొద్దంతా వదిన ఒక్కతే చూసుకునేది. ఒకసారి అన్నయ్యని మంచం మీంచి కుర్చీలోకి మార్చబోయి ఇద్దరూ కలిసి నేలమీద పడ్డారు. అప్పుడు నర్సు మంచం పక్కన నిలబడి ఖచ్చితంగా చెప్పింది. చలికాలం వచ్చేలోగా ఆయన్ని ఒక్కతే లేపి కుర్చీలో కూర్చోబెట్టగలనని వదిన చేసి చూపించాలి. లేదంటే సంరక్షణ గృహానికి పంపక తప్పదు. ఆ మాటలు తెలుగులో చెప్పాల్సిన పాపం నాకు పట్టింది.

అన్నయ్య ఎడంచేత్తో వదిన మణికట్టు పట్టుకున్నాడు. "అక్కడ... దాహమేస్తే... ఎవర్నడగను?" అన్నాడు.

అదీ క్లాసు సంగతి. నర్సు మాట చెప్పింది నేనే అయినా, ఫోనులో నాకది తట్టలేదు. మా పేటలోని హాల్లో, మడత కుర్చీలన్నీ గోడవారకు నెట్టి, వయసుమళ్ళిన ఆడవాళ్ళకు బరువులెత్తడం నేర్పేవారు. నేర్పే ఆవిడ భుజాలు చూసి నేను ఉక్కమ్మ అని పేరు పెట్టాను. మొదటిరోజు దుబాసీగా నేనూ వెళ్ళాను. సంగతంతా విని ఉక్కమ్మ, "అయితే మీ ఆయనంత బరువున్న బస్తా ఒకటి చేసుకురా, ఇక్కడే ఎత్తడం నేర్చుకో" అంది.

కుట్టుపనంటే వదినకు చెప్పాలా? దుకాణంలో దొరికిన మందపాటి గుడ్డతో, రెండు వరసల కుట్టు వేసి, పట్టుకోవడానికి పిడులు పెట్టి సంచీ కుట్టింది. నర్సు చెప్పిన అన్నయ్య బరువెంతో అంత ఇసక అందులో పోయించింది. క్లాసులో ఆడవాళ్ళు దానికి "మొగుడు" అని పేరు పెట్టారు. "ఇవాళ మీ ఆయన మాట వింటున్నాడా?" అని అడిగేవారు. భాష రాకపోయినా ఈ ఒక్క మాట వదినకు అర్థమైపోయి, బుగ్గలు ఎర్రబడేవి.

మొగుడు మొదట్లో నేలకు అతుక్కుపోయినట్టు ఉండేవాడు. ఉక్కమ్మ చిన్న సంచులతో మొదలెట్టించింది. నడుము వంచకూడదు, మోకాళ్ళు వంచాలి, బరువును ఒంటికి హత్తుకుని కాళ్ళ బలంతో లేవాలి. అంతా చూసి నాతో ఒక మాటంది. ఇంటికి రాగానే అన్నయ్య ముందే అది విప్పాను.

"విన్నావా అన్నయ్యా? నీ పెళ్ళాం పిట్టలా తింటే పిట్టలానే ఉంటుందట. తిండి పెంచితే గానీ కండ పట్టదట."

"ముద్ద దిగొద్దూ?" అంది వదిన. అన్నయ్య ఆవిడ చేతులకేసి చూశాడు.

ఇక్కడ వాళ్ళ కంచం సంగతి చెప్పాలి. కాపురం పెట్టిన కొత్తలో ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కంచం. అన్నయ్య డ్యూటీ దిగి వచ్చి తిన్నాక, అదే కంచంలో వదిన తినేది. తర్వాత అలమార నిండా కంచాలు వచ్చినా ఆ అలవాటు పోలేదు. "ఏ కాలంలో ఉన్నావు వదినా, ఎంగిలి కంచమేమిటి?" అని నేను దెప్పితే, "ఆయన ఎంత తిన్నాడో నాకు తెలియొద్దూ?" అనేది. అన్నం పారేయడమంటే ఆవిడకి ప్రాణం పోయినట్టు. అన్నయ్య వదిలింది ఒక్క మెతుకు మిగలకుండా తినేసేది.

జబ్బు చేశాక అన్నయ్య వదలడం ఎక్కువైంది. ఎడంచేత్తో చెంచా పట్టుకుని నాలుగు ముద్దలు తిని, ఓ రోజు ఉప్పెక్కువైందనేవాడు, ఓ రోజు నవలలేకపోతున్నాననేవాడు. మాత్రల మహిమ అనుకుంది వదిన. గొణుక్కుంటూ మిగిలింది తనే తినేది. డ్రైవరు పొట్ట తగ్గితే మంచిదేగా అని నేనూ సర్దిచెప్పాను.

నెలలు గడిచేకొద్దీ వదిన చేతులు గట్టిపడ్డాయి. "పట్టుకుని చూడమ్మాయీ, రాయి!" అని జబ్బ చూపించేది. ఇంట్లో అన్నయ్య వారం వారానికీ తేలిగ్గా లేస్తున్నాడని ఒకటే సంబరం. "అన్నయ్యా, ఇక ఆవిడతో పోట్లాటకి దిగకు" అన్నాను. అన్నయ్య వంకర మూతితో నవ్వాడు.

నర్సు వచ్చిన రోజున వదిన కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, అన్నయ్యని రెండు చేతులా పొదివి పట్టుకుని ఒక్క ఊపున లేపింది. నిండు బిందె దించినంత జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెట్టింది. నర్సు చప్పట్లు కొట్టి, ఇక ఇతన్ని ఎక్కడికీ పంపనక్కర్లేదంది. నేను ఏడ్చేశాను. వదిన ఏడవలేదు. యుద్ధం గెలిచినవాళ్ళు ఏడుస్తారా?

మర్నాడు క్లాసుకు వెళ్తూ నన్నూ లాక్కెళ్ళింది. అందరి ముందూ మొగుణ్ణి ఎత్తి చూపిస్తానంది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. బస్తా మోకాళ్ళదాకా లేచి, ధబ్బున కిందపడింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ పడింది.

"ఎవరైనా ఇందులో ఇంకాస్త ఇసక పోశారేమో అడుగమ్మాయీ" అంది.

ఎవరూ ముట్టుకోలేదంది ఉక్కమ్మ. కావాలంటే చూడమని తూకం మీద పెట్టించింది. మొదటిరోజు ఎంతుందో అంతే ఉంది. వదిన ఆ తూకం కేసి చూస్తూ నిలబడిపోయింది.

"నిన్న మీ అన్నయ్యని లేపాను కదా?" అంది నెమ్మదిగా.

"లేపావు" అన్నాను.

కోటు కూడా వేసుకోకుండా ఇంటికి నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. వెళ్ళగానే అన్నయ్య మీది దుప్పటి లాగేసి, పైజామా నాడా పట్టి చూసింది. నడుము దగ్గర గుడ్డంతా కుచ్చెళ్ళు పోసినట్టు ముడుచుకుపోయి ఉంది. ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ టేపుతో కొలిచే మనిషి, నాడా బిగించుకుంటూ పోయిన మొగుడి నడుము చూసుకోలేదు.

"ఏం చేశారండీ మీరు?" అంది.

అన్నయ్య మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు... పారెయ్యవుగా" అన్నాడు. "నేను వదిలితే... నువ్వు తింటావు. నీకు బలం. నాకు... బరువు తగ్గు." ఏదో తెలివైన పని చేసినట్టు నవ్వబోయాడు.

"మీ ఒంటిని నాచేత తినిపించారు కదండీ!" అని వదిన నేలమీద కూలబడింది. ఆవిడ అలా ఏడవడం నా జన్మలో చూడలేదు. నాకు అన్నయ్య మీద ఎంత కోపం వచ్చిందో, అంత జాలీ వేసింది. మనిషి మనిషిని ఇంతగా ప్రేమిస్తే ఎవరికి లాభమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు నుంచి రెండు కంచాలు. అన్నయ్య ముద్ద మింగేదాకా వదిన తన ముద్ద ఎత్తేది కాదు. కానీ ఎండిపోయిన పొట్ట మళ్ళీ తెరుచుకోలేదు. రెండు ముద్దలకే కడుపు తిప్పేది. నర్సు వచ్చింది, డాక్టరు వచ్చాడు, మందులు మార్చారు. చలికాలంలో పట్టిన దగ్గును తట్టుకునే సత్తువ ఆ ఒంట్లో లేకపోయింది. ఇంట్లోనే పోయాడు, వదిన ఒళ్ళో తల పెట్టుకుని.

చూడ్డానికొచ్చినవాళ్ళంతా అదృష్టవంతుడన్నారు. పది రోజులు పోయాక ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి క్లాసుకు వేసుకునే బూట్లు తొడుక్కుంటోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇంకెవర్ని ఎత్తడానికి వదినా?" అన్నాను.

ఆవిడ తన జబ్బను రెండో చేత్తో పట్టుకుని చూసుకుంది. "ఇందులో ఉన్నదంతా ఆయనేగా అమ్మాయీ" అంది. "మానేస్తే కరిగిపోతుందట, ఉక్కమ్మ చెప్పింది."

బూట్ల లేసు కట్టుకుని, తలుపు దగ్గరగా వేయమని నాకు చెప్పి, బయల్దేరింది.