పెట్రోలు మూతకు తాళం

మా ఆయన పోయి నెల తిరక్కుండానే మరిది వచ్చి కారు పెట్రోలు ట్యాంకుకు కొత్తగా తాళం మూత బిగించాడు. తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. దొంగల భయమన్నాడు. అబద్ధం. నేను ఎక్కడెక్కడ తిరుగుతున్నానో అతనికి తెలియాలి, పెట్రోలు పోయించుకోవాలంటే అతన్ని బతిమాలుకోవాలి, అంతే. బండి కాగితాలు కూడా అతనే పట్టుకుపోయాడు.

ఆ కారే నా కూడు. బన్సీలాల్‌పేట్‌లో ఇంట్లో వండి, గిన్నెలు వెనక సీట్లో పెట్టుకుని, నేనే నడుపుకుంటూ తిరుమలగిరి పోయి మధ్యాహ్నం అన్నం అమ్ముతాను. మూత మారాక బండి దారిలో ఆగడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర బాగానే స్టార్టవుతుంది. కొంత దూరం పోయాక ఎగిరెగిరి పడి చచ్చిపోతుంది. ఎండలో అరగంట కూర్చుంటే మళ్లీ లేస్తుంది. ఈలోపు పప్పు పులిసేది, తినేవాళ్లు ఇంకో బండి దగ్గరికి పోయేవాళ్లు.

రెజిమెంటల్ బజార్ మెకానిక్ బానెట్ ఎత్తి పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టాడు.

"ఇంజన్ గరమైతుందమ్మా. ముసల్దైంది, నీ లెక్కనే."

"మీ అమ్మ ఏమన్న పడుచుదా? జెర సరిగ్గ చూడు."

గుడ్డ ఆరకముందే బండి ఆగింది. వాన పడి చల్లగా ఉన్న రోజు కూడా ఆగింది. వేడికే ఆగేదైతే వానలో ఎందుకాగాలి? అడిగితే నవ్వాడు. మరిదికి మాత్రం పండగైంది.

"అమ్మెయ్ వదినా. ఆడిదానికి గీ పరేషాన్ ఎందుకు? కొనేటోడు తయారున్నడు."

ఒకరోజు పెట్రోలుకని మరిదిని ఎక్కించుకుని పోతే, సరిగ్గా బంకు ముందరే ఆగింది. బంకు కుర్రాళ్లు లోపలికి తోశారు. మరిది మూత తీయగానే ట్యాంకు బుస్సుమని గాలిని లోపలికి పీల్చుకుంది. పెట్రోలు పోశాక వెంటనే స్టార్టయింది. అరగంట కూర్చోవాల్సిన పని లేకపోయింది. ఇంజన్ మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతోంది.

మరిది చేతిలోని మూతను ఓరకంట చూశాను. పాత మూతకు చిన్న బెజ్జం ఉండేది. ఈ మూతకు లేదు, గాలి లోపలికి పోయే దారే లేదు. నూనె డబ్బాకు ఒకే బెజ్జం కొడితే నూనె దిగదు, గాలికి రెండోది కొట్టాలి. వంట చేసేదానికి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

కొనేవాణ్ణి తీసుకొచ్చిన రోజు అతని ముందరే మరిదితో అన్నాను.

"తిరుమలగిరి పోయి ఇంటికి మళ్లొస్తె బండి నాది, కాగితాలు నా చేతిల పెట్టాలె. రాకుంటే తీస్కపో."

"సై" అన్నాడు మరిది, మీసం కింద నవ్వుకుంటూ.

మాడ్చే ఎండ. కొనేవాడు నా పక్కన, మరిది వెనక. తిరుమలగిరి చేరి వెనక్కి తిప్పానో లేదో ఆగింది. మరిది చప్పట్లు కొట్టాడు.

"ఇగ దిగు వదినా."

"నువ్వు దిగు. దిగి మూత తియ్యి."

"పెట్రోల్ మస్తున్నది గద!"

"తియ్యమన్న."

దిగి తీశాడు. బుస్సుమంది. కొనేవాడు కిటికీలోంచి తల బయట పెట్టి విన్నాడు. స్టార్ట్ చేశాను, లేచింది.

"ఏంది భయ్యా, దాని గొంతుకు తాళమేసినవా?" కొనేవాడు పడీ పడీ నవ్వాడు. "అమ్మా, నాకే ఇయ్యి బండి, మంచిగుంది."

"నీకు సుత ఇయ్య. గా గుడ్డ తీస్కపోయి ట్యాంకు మూతికి వదులుగ పెట్టు."

గిన్నెలు పట్టే గుడ్డ పెట్టి కొనేవాడు తిరిగొచ్చి కూర్చున్నాడు. మరిది మూత చేత్తో పట్టుకుని వెనక తలుపు లాగాడు. లోపల గడియ వేసేశాను.

"వదినా! నేనెట్ల రావాలె?"

"చెవి నీ జేబుల్నే ఉన్నది గద. దాన్ని పట్టుకొని నడువు."

బన్సీలాల్‌పేట్ దాకా బండి ఎక్కడా ఆగలేదు. మర్నాడు మరిది కాగితాలు ఎవరి చేతనో పంపాడు. మొహం చూపించలేదు. మంచిదే అయింది.