పలక మీద పేరు

మొన్న గిద్దలూరు బస్టాండు పక్కన ఒక టిఫిను కొట్లో దోసె కోసం కూర్చున్నాను. కొట్టు నడిపే ఆమె, అయిపోయిన టిఫిన్ల పేర్లు తుడిచేయడానికి గోడకు ఆనించిన రాతి పలక మీద తడిగుడ్డ వేసి రుద్దింది. తడి పలక వాసన గుప్పున తగిలింది. ఆ వాసనకు చాలామందికి ఒకటో తరగతి గుర్తొస్తుందట. నాకు మాత్రం డిగ్రీ చివరి ఏడు, మార్కాపురంలో మా కాలేజీ గ్రంథాలయం, చెన్నకేశవులు సారు గుర్తొస్తారు.

సారు మా గ్రంథాలయాధికారి. సన్నటి మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు, ఎప్పుడూ తడిగా ఉండే బొటనవేలు. పలకల కార్ఖానాల దగ్గర అంచు విరిగిందని పక్కన పడేసిన ముక్కలు ఏరి తెచ్చుకునేవారు. ఎవరైనా పుస్తకం తీసుకెళితే, అది ఉన్న చోట ఒక పలక ముక్క నిలబెట్టి దాని మీద బలపంతో వాళ్ల పేరు రాసేవారు. పుస్తకం తిరిగొచ్చేదాకా ఆ పేరు అందరికీ కనబడాల్సిందే. అంతటితో అయిపోదు. పుస్తకం ఇచ్చే ముందు ప్రతి కాగితం తిప్పి లెక్కపెట్టేవారు. ఎన్ని పుటలున్నాయి, ఎక్కడ మరకుంది, ఏ మూల చిరిగింది అని వెనక అట్ట లోపల పెన్సిలుతో రాసేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అదే తంతు. మా వెనక వరస పెరిగిపోయేది, బస్సులు వెళ్లిపోయేవి, సారు బొటనవేలు మాత్రం తొందరపడేది కాదు.

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. నా కార్డు మీద రూతు అన్న పేరూ, కాలనీ చిరునామా చూస్తే మేమెవరమో ఎవరికైనా తెలిసిపోతుంది. సారు అందరి పుస్తకాలూ ఒకసారి లెక్కపెట్టి, నావి రెండుసార్లు లెక్కపెట్టేవారు. మొదట్లో నా భ్రమేమో అనుకున్నాను. తర్వాత పనిగట్టుకుని నిలబడి గమనించాను. ఒకరోజు చరిత్ర చెప్పే లెక్చరరు గారు పుస్తకం తీసుకుంటుంటే సారు వేలు తడుపుకున్నారు.

"ఏందయ్యా, నన్ను గూడా అనుమానిస్తావా?" అన్నారాయన.

"అనుమానం మనుషుల మీద కాదు సార్, కాయితాల మీద."

మాట బాగానే ఉంది. కానీ లెక్చరరు గారి కాగితాలు ఒక్కసారే లెక్కపెట్టారు. ఆ వెంటనే నా పుస్తకం తీసుకుని రెండుసార్లు తిప్పారు. సారు ఏ దుకాణదారుల ఇంట్లో పుట్టారో ఊరందరికీ తెలుసు. మమ్మల్ని చూస్తే ఆ ఇళ్లలో సరుకు దగ్గరికి జరుపుకుంటారని నాకూ తెలుసు. లోపల మండిపోయింది. నేనూ ఆయన్ని అనుమానించడం మొదలుపెట్టాను. నా మీద ఎవరికో కబుర్లు చేరవేస్తున్నారేమో, నా పేరున్న పలకే పెద్ద అక్షరాలతో రాస్తున్నారేమో అని ప్రతిదీ కొలిచి చూసేదాన్ని.

చివరి ఏడు మా వైపు చెరువుల మీద ప్రాజెక్టు రాశాను. దానికి ఆధారం ఒకే ఒక పాత నివేదిక, బజారులో దొరకనిది. నేను అడగబోయిన రోజు సారు సెలవు. అటెండరన్న రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, పలక మీద నా పేరు గీకి పుస్తకం చేతిలో పెట్టాడు. ఎవరూ కాగితాలు లెక్కపెట్టలేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వెనక అట్ట లెక్కలో ఉన్న చెరువుల మడత పటం పుస్తకంలో లేదని ఇంటికొచ్చాక చూశాను. పాత పుస్తకం కదా, ఎప్పుడో పోయుంటుందిలే అనుకుని ఊరుకున్నాను. నేను చేసిన తప్పల్లా అదే.

పరీక్షలయ్యాయి, పీజీ సీటు వచ్చింది. టీసీ తీసుకుని నాలుగు రోజుల్లో చేరాలి. గ్రంథాలయం సంతకం పడితేనే టీసీ. పుస్తకం తిరిగిచ్చాను. సారు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"పటం ఏది పాపా?"

"నేను తీసుకున్నప్పుడే లేదు సార్."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఆ మాట అనకముందే అనేశాను. "నేను చించలేదు సార్. నమ్మండి."

"నమ్మను," అన్నారు. "నమ్మితే ఇంక ఎతికే పనే ఉండదు."

నాకు మొదటి మాటే వినబడింది. పుస్తకం తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. అరలో నా పేరున్న పలక అలాగే నిలబడింది. పటం తెస్తేనే టీసీ అని ప్రిన్సిపాలు తేల్చేశారు.

ఇంటికి పోయి చెప్పాను. నాయన లేచి నా రేకుపెట్టె తెరిచి, పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి దులపడం మొదలుపెట్టాడు.

"నాయనా, నువ్వు గూడానా?"

"తీసుంటే చెప్పు తల్లీ. నేను పోయి కాళ్లు పట్టుకుంటా."

అమ్మ భోజనానికి ముందు ప్రార్థనలో "తెలిసో తెలీకో చేసిన తప్పు" అన్నది. నేను కంచం పక్కకు తోశాను. సారే పటం ఎవరికో ఇచ్చేసి నా మీద తోస్తున్నారని ఏడుస్తూ అరిచాను.

మూడో రోజు పొద్దున, ఆయనతో తాడో పేడో తేల్చుకుందామని వెళ్లాను. ముందు ఆ అర వైపే చూశాను. నా పేరున్న పలక లేదు. ఆ చోట ఇంకో పలక. దాని మీద సారు చేతిరాతలో: చెన్నకేశవులు, పటం.

సారు బల్ల మీద ఆ పటం పరిచి ఉంది. వెనక పల్చటి గుడ్డ అంటించి ఉంది.

"మడత కాడ చినుగుతా ఉందని గుడ్డ ఏసినా. ఆరాలని బీరువా మీద పెద్ద రిజిస్టరు కింద పెట్టినా. ఎన్నేండ్లయిందో, మర్చిపోయినా. మళ్లా నువ్వొచ్చేదాకా ఈ పుస్తకం ఎవరూ అడగలా. అందరి పుస్తకాల ఎనకా రాసేవాణ్ని, పటం తీసినానని దీని ఎనక మటుకు రాయలేదు."

"ఇప్పుడెట్ల దొరికింది సార్?"

"ఆ పుస్తకం పట్టుకున్నోళ్ల పేర్లు ఒక్కొక్కటే అడుక్కుంటా వచ్చినా. ఆఖరికి మిగిలింది నా పేరే."

నన్ను ప్రిన్సిపాలు గదికి తీసుకెళ్లారు. "దొంగ దొరికినాడు సార్. నేనే," అన్నారు. ప్రిన్సిపాలు నవ్వి, పోనీలెండి, ఆ పలక తీసేయండి, పిల్లలు చూస్తే బాగుండదు అన్నారు.

"తీయను సార్. పుస్తకం తెచ్చిచ్చినాక గూడా ఈ పాప పేరు మూడు దినాలు ఉండింది. నాది గూడా ఉండాల."

సంతకం చేసేటప్పుడు అడిగేశాను. నా పుస్తకాలే రెండుసార్లు ఎందుకు లెక్కపెడతారని. ఆయన తలెత్తలేదు.

"పెద్దోళ్ల చేతిలో కాయితం పోతే, ఎట్ల పోయిందని అడుగుతారు. నీ చేతిలో పోతే, ఎందుకు చించినావని అడుగుతారు. పుస్తకం ఇచ్చేటప్పుడు లెక్కలో నా వేలు తప్పిందనుకో, దెబ్బ నీకు తగులుతాది. అందుకే నీకు రెండుసార్లు." తర్వాత ఆ పుస్తకంలో పటం పెట్టి నా వైపు తోశారు. "ఇప్పుడు నువ్వెంచు. నన్ను నమ్మొద్దు."

నేను కూర్చుని లెక్కపెట్టాను. కన్నీళ్లకు రెండుసార్లు తప్పాను. ఆయన ఓపిగ్గా ఎదురుచూశారు.

చెన్నకేశవులు సారు పోయినేడు పోయారు. ఆ మాటేదో మొదటి ఏడే చెప్పి ఉంటే నేనంత మండేదాన్ని కాదు కదా అని కోపం ఇప్పటికీ ఉంది. నాయన ఆ రోజు పెట్టె వెతకడం ఇంకా మర్చిపోలేదు. కోపంతో పాటే సారంటే ప్రేమ కూడా ఉంది, రెండిట్లో ఏది ఎక్కువో నేను తేల్చుకోలేదు.

ఇప్పుడు గిద్దలూరులో ఇంటరు పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. మా కాలేజీలో గ్రంథాలయమంటే రెండు బీరువాలు, వాటి తాళాలు నా దగ్గరే. టిఫిను కొట్లోంచి ఆ రోజు నేరుగా కాలేజీకే వెళ్లాను. హనుమంతునిపాడు వైపు నుంచి వచ్చి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండే పిల్ల ఒకతి పుస్తకం అడిగింది. కాగితాలు లెక్కపెట్టి, మళ్లీ మొదటికొచ్చాను. ఆ పిల్ల చూపు నా వేలి మీద ఆగింది. ఆ చూపు నాకు తెలుసు.

"మేడం, నావే రెండుసార్లు ఎందుకు ఎంచుతారు?"

ఆయన మూడేళ్లు దాచుకున్న మాట నేను ఆ పిల్లకు అప్పుడే చెప్పేశాను. చెప్పాక పుస్తకం ఆమె వైపు తోశాను.

"నువ్వు గూడా ఎంచుకోమ్మా," అన్నాను. "నన్ను నమ్మొద్దు."