అత్తగారి పసుపు, నా ఆలివ్ చెట్టు

మొన్న శనివారం మా బాల్కనీలో ఏం జరిగిందో చెప్తాను, ఎవరైనా నవ్వారో ఊరుకోను! నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది.

జర్మనీలో మా ఫ్రైబర్గ్‌లో బోన్సాయ్ క్లబ్బు ఒకటుంది. లాక్‌డౌన్‌లో ల్యాబు మూసేసి ఇంట్లో కూర్చోబెట్టారు కదా, పొద్దుపోక చేరాను. క్లబ్బు పెద్దాయన క్లౌస్, స్పెయిన్ కొండల్లోంచి తెచ్చిన అడవి ఆలివ్ మొద్దు ఒకటి నాకిచ్చాడు. "మూడు నెలల్లో చెక్కి చూపించు. బాగుంటే నీదే. లేదంటే వెనక్కి." అంతే!

మొద్దులో సగం చచ్చిపోయింది. ఆ సగాన్ని చెక్కి ఎముకలా తెల్లగా తేల్చాలి, పక్కన బతికున్న బెరడు కనబడాలి. అదే దాని అందం. మూడు నెలలు చెక్కానండీ! ఆదివారం మెషిన్ పెడితే చప్పుడని కింది ఫ్లాట్ ఆవిడ వచ్చి బెల్లు కొడుతుందని ఉలితో గీకాను. చేతులు బొబ్బలెక్కాయి.

మా ఆవిడ పురుడికని వచ్చిన అత్తగారు, విమానాలు ఆగిపోయి మా దగ్గరే ఇరుక్కుపోయారు. శుక్రవారం ఆవిడ చెట్టు చూసి, "అయ్యో, ఇంత గాయం చేశారేంటండీ అల్లుడుగారూ! కాస్త పసుపు అద్దండి, పురుగు పట్టదు" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. పసుపంటే యాంటీసెప్టిక్ కదా! ముద్దగా కలిపి దిట్టంగా పట్టించాను.

శనివారం పొద్దున్నే, రెండు వారాలుగా ఎదురుచూస్తున్న పార్సిల్ వచ్చింది. కట్టెని తెల్లబరిచే మందు. గంధకం, సున్నం కలిపి కాచింది. పూసినప్పుడు పసుప్పచ్చగానే ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. పదకొండింటికేమో చెట్టు చూపించడానికి క్లౌస్‌తో వీడియో కాల్! రెండూ పసుపే కదా, కలిసి తెల్లబడతాయిలే అని బ్రష్షుతో నిండా కొట్టేశాను.

ఎర్రబడింది! చూస్తుండగానే మొద్దంతా మేకని కోసినట్టు ఎర్రగా! నీళ్ళు కొట్టాను, టూత్‌బ్రష్‌తో రుద్దాను. బెరడుకీ పాకింది.

"అత్తయ్యగారూ! మీ పసుపు నా కొంప ముంచింది!" అని అరిచేశాను. పెళ్ళయ్యాక ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు.

ఆవిడ తాపీగా వచ్చి చూశారు.

"దీని మీద సున్నం గానీ పూశారా?"

"పూశాను! అయితే?"

"పసుపూ సున్నం కలిస్తే ఎర్రనీళ్ళే కదండీ. మొన్న పాపకి దిష్టి తీసినప్పుడు పళ్ళెం పట్టుకున్నది మీరే కదా?"

పట్టుకున్నది నేనే! కోపం మాత్రం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలీక బ్రష్షు విసిరికొట్టాను.

అంతలో కాల్ మోగింది. క్లౌస్ చాలాసేపు కళ్ళజోడు పెట్టీ, తీసీ చూశాడు. "చెట్టు వెనక్కి తెచ్చెయ్" అన్నాడు. ఊరుకోవచ్చుగా? ఊరుకోడు!

"అవునూ, యూనివర్సిటీలో నీ పీహెచ్‌డీ దేని మీదన్నావు?"

"కోటింగ్స్ మీద. అంటే... దేని మీద ఏది పూస్తే ఏమవుతుందీ అని..."

మిగతాది చెప్పకుండా కెమెరా ఆపేశాను.