ఆడవాళ్ల పద్దులో కుట్టుమిషను

ఆ వీధిలో ఆమెని అందరూ మోటారక్క అంటారు. నీళ్ల పంపు కాలిపోయినా, ఫ్యాను తిరగనని భీష్మించుకున్నా, పిండిమర మోటారు పొగలు కక్కినా తెచ్చి ఆమె గుమ్మంలోనే పడేస్తారు. మాడిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టలు పెట్టి, వార్నిషు పట్టించి, ఎండబెట్టి ఇవ్వడం ఆమె పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆడపిల్లకి ఈ పనెందుకని అడిగినవాళ్లే ఇప్పుడు తమ ఫ్యాన్లు తెచ్చిస్తున్నారు.

వాళ్ల ముందుగది మధ్యలో చెక్కలతో అడ్డం కట్టారు. ఇటు ఆమె మోటార్లు, అటు వాళ్లాయన కుట్టుపని. చొక్కా కాలరు ఆయన కుట్టినంత తీరుగా ఆ చుట్టుపక్కల ఇంకెవరూ కుట్టలేరు. కరెంటంటే మాత్రం హడలు. బల్బు మార్చాల్సి వస్తే భార్యని పిలిచి, తను వెళ్లి వీధిలో నిలబడతాడు. ఈ సంగతి తెలియని కొత్తవాళ్లు మోటారు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర దించి, "ఎప్పటికిస్తారు మేస్త్రీగారూ?" అంటారు. ఆయన తల ఎత్తకుండా కత్తెరతో అడ్డం అవతలికి చూపిస్తాడు. వాళ్లు అటు తొంగి చూసి, "అమ్మా, మేస్త్రీ ఎప్పుడొస్తాడు?" అని ఆమెనే అడుగుతారు.

"వచ్చి ఇరవయ్యేళ్లయింది. చెప్పండి, ఏం కాలింది?" అంటుంది.

దానికి ఆమె ఎప్పుడో అలవాటుపడిపోయింది. అలవాటు కానిది మణికట్టు నొప్పి. తీగ చుట్టడానికి పిడి తిప్పీ తిప్పీ కుడిచెయ్యి వాచిపోయింది. రాత్రి పడుకుంటే ఆ చెయ్యి పక్కలో వేరే మనిషిలా సలిపేది. డాక్టరు చూసి, "కొన్నాళ్లు పని మానేస్తే మంచిది" అన్నాడు.

"మానేస్తే మీ ఫీజు ఎవరిస్తారండీ?" అంది. ఆయన కట్టు కట్టేశాడు.

కరెంటుతో తనే తీగ చుట్టిపెట్టే చుట్టుమిషను ఒకటుంటే చెయ్యి బతికిపోతుంది. పైగా నీళ్ల ఆఫీసువాళ్లు ఊరి పంపుల పని ఆ మిషను ఉన్నవాళ్లకే ఇస్తారు. ఆ పని కోసం ఆమె ఎన్నాళ్లనుంచో కాచుకుని ఉంది. ఆ ఏడు మునిసిపాలిటీ బడ్జెట్టులో చేతిపనివాళ్లకి మిషన్లు ఇస్తున్నారనీ, ఆడవాళ్లకి ప్రత్యేకంగా డబ్బు తీసిపెట్టారనీ తెలిసేసరికి ఆమె ప్రాణం లేచివచ్చింది. చేతికి కట్టుతోనే ఆఫీసుకి వెళ్లింది.

అక్కడి గుమాస్తా మంచివాడు. అదే వచ్చిన చిక్కు. విసుక్కునేవాడైతే పోట్లాడొచ్చు. ఆయన కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, ఆమె చెప్పిందంతా విని, చిరునవ్వుతో ఫైలు తెరిచాడు.

"మీకు కుట్టుమిషను వస్తుందమ్మా."

"నేనడిగింది చుట్టుమిషనండీ. మోటార్లకి."

"అది మోటారు పద్దులో ఉంది. మీరు ఆడవాళ్ల పద్దులోకి వస్తారు. ఆడవాళ్ల పద్దులో ఉన్నది కుట్టుమిషను."

"మోటారు పద్దులో ఆడవాళ్లు రాకూడదని రూలుందా?"

"రామరామ! అలాంటి రూలెందుకుంటుందమ్మా? ఎవరైనా రావచ్చు. కానీ మీకంటూ వేరే పద్దు పెట్టాక మీరే వెళ్లి ఆ పద్దులో కూర్చుంటే ఏం బాగుంటుంది చెప్పండి? ఇక్కడి డబ్బు ఖర్చవక వెనక్కిపోతుంది. వెనక్కిపోతే ఆడవాళ్లకి అక్కర్లేదట అని వచ్చే ఏడు కోసేస్తారు. పాపం ఎవరికి చుట్టుకుంటుంది?"

"కుట్టడం నాకు రాదండీ. మావారు టైలరు. ఇంట్లో కుట్టుమిషను ఉండనే ఉంది."

గుమాస్తా ముఖం వెలిగిపోయింది. "మీవారు టైలరా! ముందే చెప్పొద్దూ! అయితే ఆయన పేరు మోటారు పద్దులో రాద్దాం. మీ పేరు కుట్టుమిషనుకి రాద్దాం. రెండూ మీ గడపలోకే కదా వచ్చేది. ఇంటికొచ్చాక ఎవరిది వాళ్లు పుచ్చుకోండి."

"ఒక చుట్టుమిషను ఖరీదుకి అయిదు కుట్టుమిషన్లొస్తాయి కదండీ?"

"మనిషికొకటి కదమ్మా ఇచ్చేది! మగవాళ్లకొకటి, మీకొకటి. ఎక్కడా తేడా రానివ్వలేదు" అన్నాడాయన, తనే స్వయంగా తేడా తుడిచేసినంత తృప్తిగా.

ఆమెకి నెత్తిమీద కొట్టుకోవాలనిపించింది. కుడిచెయ్యి లేవలేదు. లేవని ఆ చెయ్యే ఆమె చేత సరే అనిపించింది. అదే తప్పయిపోయింది.

మిషనుతోపాటు శిక్షణ కూడా తీసుకోవాలట. వాళ్లాయన మోటార్ల శిక్షణకి, ఆమె కుట్టు శిక్షణకి. ఆయన రోజూ చెమటలు కక్కుతూ వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, తీగ ముట్టుకోమంటే రుమాలు అడ్డం పెట్టుకుని ముట్టుకుని, మొత్తానికి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. హాజరుంటే ఇచ్చేస్తారు. ఆమె అక్కడ ఒక జేబు కుట్టింది. నాలుగువైపులా కుట్టేసింది. "చెయ్యి పెట్టడానికి దారేదమ్మా?" అని పంతులమ్మ అడిగితే, "డబ్బులు ఉన్నవాళ్లకి కదా దారి" అని నవ్వేసింది గానీ ఇంటికొచ్చి ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు మాత్రం కొడుకు సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి గోడకి తగిలించింది. "చూశావా, మావాడు ఇంజనీరయ్యాడు" అని కోడలితోనే చెప్పింది. కోడలు అప్పుడు ఒళ్లో మోటారు పెట్టుకుని మాడిన తీగ పీకుతోంది.

మిషన్లు వచ్చాయి. అబ్బ, చుట్టుమిషను ఎంత ముద్దుగా తిరిగేదో! చుట్లు లెక్కపెట్టుకుంటూ దానంతటదే ఆగేది. మణికట్టు వాపు తగ్గింది. అటు, ఆమె స్విచ్చు వేసిపెడితే, ఆయన కొత్త కరెంటు కుట్టుమిషను మీద కాజాలు కుట్టుకుంటూ కూనిరాగాలు తీసేవాడు. గుమాస్తా చెప్పిందే నిజమేమో, ఊరికే గింజుకున్నాను అనుకుంది.

అప్పుడు నీళ్ల ఆఫీసునుంచి పని వచ్చింది. ఊరి పంపులు బాగుచేసే పని, ఆయన పేరు మీద. సంతకం ఆయనదే, డబ్బు ఆయన ఖాతాలోకే. పంపులు వచ్చేవి, ఆమె చుట్టేది, అవి వెళ్లిపోయేవి. ఫోను వచ్చేది, "మేస్త్రీగారేనా?" అని. మొదట్లో ఆయన "ఉండండి, మా ఆవిడకిస్తాను" అనేవాడు. తరవాత "కనుక్కుని చెప్తాను" అన్నాడు. ఒక పొద్దున్న ఆమె చెవులారా విన్నది.

"వార్నిషు ఆరనివ్వాలి కదండీ! మన పని అంటే తొందరపెడితే అయ్యేది కాదు."

ఆమె అడ్డం మీదుగా తల పెట్టింది. "ఏవండీ, మన పనా?"

ఆయన ఫోను గబుక్కున బట్టల కింద దాచాడు. "ఏదో నోట్లోంచి వచ్చేసిందే. మాటవరసకి..."

"వార్నిషు ఏ రంగులో ఉంటుంది?"

ఆయన గోడ మీది సర్టిఫికెట్టు వంక చూశాడు. అందులో రాసిలేదు.

ఆమె గుమాస్తా దగ్గరికి మళ్లీ వెళ్లింది. పంపుల పనికి తన పేరు రాయమంది. "పని చేసేది మీరే కావచ్చమ్మా, ఎవరు కాదన్నారు? కానీ మోటారు పద్దులో మీరు లేరుగా" అన్నాడు, మళ్లీ మంచినీళ్లు ఇప్పించి. ఆ నీళ్లు తాగకుండా వచ్చేసింది.

అంతలో ఒక సాయంత్రం ఆడవాళ్ల పద్దు చూసే ఆఫీసరమ్మ వచ్చింది, డబ్బు ఎంతమందికి ఉపయోగపడిందో చూడటానికి, వెంట ఫొటోగ్రాఫరుతో. అత్తగారు పరుగున వెళ్లి కొడుకుని చుట్టుమిషను ముందు, కోడలిని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. ఆయన స్క్రూడ్రైవరుని సుద్దముక్కలా పట్టుకున్నాడు.

ఆఫీసరమ్మది నవ్వుముఖం. మెడలో పొడుగాటి స్కార్ఫు వేసుకుంది. "దీని అంచు ఊడింది. మీ చేత్తో కుట్టండి, ఫొటో తీయిస్తాను" అని మెడలోంచి తీయకుండానే ఒక కొస మిషను మీద పరిచి, పక్కన కుర్చీలో కూర్చుంది.

మోటారక్క పెడలు నొక్కింది. మోటారు సంగతి ఆమెకి బాగా తెలుసు, ఎంత నొక్కితే ఎంత వేగమో. గుడ్డ సంగతే తెలియదు. మిషను ఝుమ్మని దూకింది. ఆపేసరికి ఆఫీసరమ్మ స్కార్ఫు కొసా, మోటారక్క పనిచొక్కా చెయ్యీ ఒకటైపోయి ఉన్నాయి. ఆఫీసరమ్మ లేవబోయింది. మెడ వెనక్కి లాగింది. మోటారక్క కూడా ఆమెతోపాటు వంగింది. ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే నొక్కాడు.

"అయ్యయ్యో, లాగకండి! దారం తెగిపోతుంది! ముందు సూది కింది ఫుట్ ఎత్తాలి!" వాళ్లాయన ఒక్క గెంతులో అటు వచ్చాడు. స్క్రూడ్రైవరు ఎటో పోయింది. జేబులోంచి బ్లేడు తీసి ఒక్కొక్క కుట్టూ ఒడుపుగా తెంపడం మొదలుపెట్టాడు.

"మీకు కుట్టుపని కూడా వచ్చా మేస్త్రీగారూ?"

"నాకిదొక్కటే వచ్చండీ" అన్నాడు, తల ఎత్తకుండా.

"లేదమ్మా, మావాడు ఇంజనీరు! కాగితం కూడా ఉంది!" అంది అత్తగారు.

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి" అని మోటారక్క మొత్తం చెప్పేసింది. కుట్లు చాలా ఉన్నాయి. ఆఫీసరమ్మ కదలడానికి లేదు, కనక పూర్తిగా విన్నది. విని, నిట్టూర్చి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"పద్దులు పెట్టింది నేను కాదమ్మా. ఇది నేను రాస్తే రెండు మిషన్లకీ సీలు వేస్తారు, వచ్చే బడ్జెట్టు దాకా. మీ చేతికి మళ్లీ కష్టం. నేనేమీ చూడలేదనుకుని వెళ్లిపోతాను. ఎలాగూ పని జరుగుతోందిగా?"

"జరుగుతోందండీ. నేనే చేస్తున్నాను, నేనే లేను. మీ లెక్కలో నేను కుట్టుకుంటూ సుఖంగా ఉన్నాను. వచ్చే ఏడు ఇంకో నూరుమందికి కుట్టుమిషన్లు ఇస్తారు, నన్ను చూపించి. చూడలేదనకండి. మెడతో సహా చూశారు. రాయండి."

ఆఫీసరమ్మ ఆయన వంక చూసింది. ఆయన కొత్త కుట్టుమిషను వంక చూశాడు. కాజాలు దానంతటదే కుట్టే మిషను.

"రాయండి మేడమ్. మేస్త్రీ అని పిలుస్తుంటే... అబద్ధమెందుకు, బాగానే ఉండేది. కానీ ఎవరైనా ఎదురుగా చేసి చూపించమంటారేమోనని నిద్రపట్టడంలేదు."

ఆఖరి కుట్టు తెగింది. ఆఫీసరమ్మ స్కార్ఫు సర్దుకుని, అక్కడే కూర్చుని రాసింది.

వారం తిరక్కుండా మునిసిపాలిటీవాళ్లు వచ్చి రెండు మిషన్లకీ కాగితం సీళ్లు అంటించి, ఇంట్లోనే ఉంచి వెళ్లారు. కళ్లెదురుగా మిషను పెట్టుకుని ఆమె మళ్లీ పాత పిడి తీసింది. అత్తగారు చుట్టుమిషను మీద తువ్వాళ్లు ఆరేసింది, చోటు వృథా ఎందుకని. రోజులో పదిసార్లు ఆ సీలు చింపేయాలనిపించేది మోటారక్కకి. చింపితే కేసు.

మణికట్టు వాచింది. ఆయన కత్తెర పక్కన పెట్టి వచ్చి, పిడిలో కరెంటు లేదని మూడుసార్లు అడిగి తేల్చుకుని, పట్టుకున్నాడు. ఆమె తీగ పట్టుకుంది. కాలర్లు కుట్టే చెయ్యి కదా, చుట్టు మీద చుట్టు కుదురుగానే పడింది. ఆ మాట ఆమె పైకి అనలేదు.

అలా కూర్చుని ఉండగానే నీళ్ల ఆఫీసు ఇంజనీరు స్వయంగా వచ్చాడు. పెద్ద పంపు కాలింది, సగం ఊరికి నీళ్లు లేవు.

"పద్దుల గొడవా, మిషను రూలూ తరవాత వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు, నాకు రేపటికి పంపు తిరగాలి. ఇన్నాళ్లూ చేసిందెవరో వాళ్ల పేరే రాస్తాను. ఎవరమ్మా?"

ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది. ఒకసారి చెప్పి, ఇంజనీరు సరిగ్గా రాశాడో లేదో మెడ సాచి చూసి, ఇంకోసారి చెప్పింది.

పిడి ఆగింది. వాళ్లాయన ఆమె వంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఆపారేం? లెక్క తప్పుతుంది, తిప్పండి" అని కసిరింది.