మాల లేని స్వామి

మొన్న కార్తీకంలో తిరుపతి బస్టాండులో కూర్చుని ఉంటే, నీలం రంగు జుట్టు, ముక్కుకు రింగు, నిలువునా నల్లబట్టలతో ఒక కుర్రాడు వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఒక్కరు తల తిప్పి చూస్తే ఒట్టు. నాకు మాత్రం మా అన్న కొడుకు గుర్తొచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాకు అప్పుడే ఉద్యోగమొచ్చి, చిత్తూరులో అన్న ఇంట్లోనే ఉండేదాన్ని. అన్నది మామిడి మండీ. అక్కడ అరిచి అరిచి ఇంట్లోనూ అదే గొంతు, ముఖ్యంగా కొడుకు మీద. మద్రాసులో ఇంజనీరింగు చదివే వాడు పరీక్ష తప్పాక, పనికిమాలినోడు అన్న మాట తప్ప ఆయన నోట వేరే పిలుపు విన్న గుర్తు లేదు. వాడూ ఇంటికి రావడం మానేశాడు.

అలాంటివాడు ఒక కార్తీక సోమవారం మద్రాసు నుంచి నగరి మీదుగా వచ్చే బస్సు దిగాడు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మాసిన గడ్డం, నుదురంతా కప్పేసి ఒక కంటి మీదికి పడే జుట్టు. బూట్లు గడపవతలే విప్పేశాడు. దాన్ని ఎమో అంటారని, దిగులు పాటలు వినే పిల్లల తీరు అదని నాకు తర్వాత చెప్పాడు గానీ, ఆ రోజు మాకేం తెలుసు? కార్తీకంలో మగపిల్లాడు నల్లబట్టల్లో కనిపిస్తే మన ఊళ్ళలో అయ్యప్ప మాల అనే అర్థం, మెడలో కనబడకపోతే చొక్కా లోపలుందనుకుంటాం. బస్సులో కండక్టరే స్వామీ అని పిలిచి సీటు ఇప్పించాడట. పక్కింటి అవ్వ కాళ్ళకు మొక్కింది. మాల వేసుకుంటే కన్నకొడుకైనా స్వామే కదా, మండీ నుంచి వచ్చిన అన్న వాకిట్లోనే ఆగి, భుజం మీది తువ్వాలు తీసి, చేతులు జోడించాడు.

"ఎప్పుడొస్తిరి స్వామీ? ఏమన్నా తింటిరా?"

ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని మా వదినకే తెలియదు. వాడి కళ్ళు నిండి, కాటుక చెంపల మీదికి కారింది. ఆ కాటుక చూసైనా మాకు వెలగలేదు, దిష్టికి పెట్టుకున్నాడనుకున్నాం! వదిన తలస్నానం చేసొచ్చి వండితే, అన్న తానే ఆకు వేసి వడ్డించాడు.

వాడు నోరు మూసుకుని తినుంటే ఆ పూట చల్లగా గడిచిపోయేది. ముద్ద ముట్టకుండా లేచి నిలబడ్డాడు.

"నాయనా, నేను మాల వేసుకోలా. మనసు బాగలేనప్పుడు ఈ బట్టల్లో రవంత నిమ్మళంగా ఉంటాది, అంతే."

ప్రేమ దెబ్బనీ, మత్తుమందనీ, చేతబడనీ ఆ తర్వాత వీధంతా చెవులు కొరుక్కుంది, అది వేరే సంగతి. నేను మాత్రం అన్న చెయ్యి లేస్తుందని భయపడి అడ్డం వెళ్ళబోయాను. అన్న వాడి మొహంలోకి చాలాసేపు చూశాడు. వాడు పెద్దయ్యాక అంతసేపు చూడటం అదే మొదలేమో.

"ఆకు ముందర్నించి లేస్తారా ఎవురన్నా? కూసో అప్పా, తిను," అని చారు పోశాడు.

స్వామీ అన్న పిలుపు ఆ పూటతోనే పోయింది గానీ, పనికిమాలినోడు అన్న మాట మళ్ళీ ఆ ఇంట్లో వినబడలేదు.

అన్న ఇప్పుడు లేడు. వాడు ఇస్త్రీ చొక్కాల్లో ఆఫీసుకు పోతున్నాడు. ఈనాటి పిల్లలు ఏ వేషం వేసినా అడిగేవాళ్ళు లేరు, అది మంచిదే. కానీ మన కాలంలో పొరబాటునైనా సరే, బస్సు నుంచి గడప దాకా ఆ నల్లచొక్కా పిల్లవాణ్ణి పలకరించని వాళ్ళు లేరు. బస్టాండులో ఈ కుర్రాడి కళ్ళూ తడిగానే ఉన్నాయి. తింటివా నాయనా అని అడిగాను. చెవిలో పెట్టుకున్నది తీసి, నన్నేనా అన్నట్టు చూశాడు. మళ్ళీ అడిగాను.