వానికి చెవులుండాయి

కర్నూలు ఆసుపత్రిలో నర్సుగా చేసిన సిస్టరమ్మ పోయిందని సోమవారం పొద్దున కడప నుంచి ఫోను వచ్చింది. రిటైరయ్యాక అక్కడ కూతురి దగ్గరే ఉండేది. నిమోనియా ముదిరి, ఐదు రోజులు వెంటిలేటరు మీద ఉండి పోయింది. సాయంత్రం వాళ్లింటి ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లది ఒకటే మాట: "మిషను పెట్టినారనంగానే అనుకుంటిమప్పా, ఇంకేముండాదిలే అని." చావింట్లో గొంతు పెంచకూడదని నాకూ తెలుసు. అయినా పెంచాను. ఆ మిషను మీద నాలుగు రోజులుండి, ఇంటికి నడిచి వచ్చినవాణ్ణి నేను.

కరువు రోజులవి. చేన్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, చెట్లు పీకుతుంటే నాగుపాము చేతి మీద కాటేసింది. కర్నూలు ఆసుపత్రికి చేరేలోపే రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది, గాలి ఆడలేదు. సూదులు వేశారు, గొంతులో గొట్టం దించారు. ఆ తర్వాత నాకు అన్నీ వినబడేవి గాని, రెప్ప లేవదు, చెయ్యి కదలదు.

ఆ చీకట్లో మొదట తెలిసింది సిస్టరమ్మ గొంతే. "నాయనా, విషం నీ కండరాలను పడుకోబెట్టింది, అంతే. అవి లేచేదాకా గాలి పీల్చే పని మిషను చేస్తాది. అది తోసినప్పుడు తోయనీ, దాంతో కొట్లాడొద్దు." గాలి లోపలికి వచ్చేది, ఎద లేచేది, దానంతట అదే దిగేది. రోజూ పొద్దున్నే ఏ వారమో చెప్పేది, క్యాంటీను కాఫీని తిట్టేది. గొట్టంలోంచి కఫం లాగేముందు, "మంట పుడతాది. తిట్టుకో, నాకు వినపడదులే" అనేది. మంచం దగ్గర ఎవరైనా గుసగుసలాడితే మాత్రం ఊరుకునేది కాదు. "వానికి చెవులుండాయి" అని గట్టిగా చెప్పేది.

మూడో రోజు రాయచోటి నుంచి మా మేనమామ వచ్చాడు. "కండ్లు తెరవడు, పలకడు. పీనుగకు గాలి కొడతాండారు. ఊర్లో, మన గడపలోనే పోనీండి. జీపు తెచ్చినా" అన్నాడు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ప్రేమతోనే ఆ మాట అన్నాడు. నేను లోపల అరుస్తున్నాను. అమ్మ ఏడుస్తోంది గాని వద్దనడం లేదు.

"గొట్టం తీస్తే సచ్చిపోతాడు. ఇప్పుడైతే బతికే ఉండాడు" అంది సిస్టరమ్మ. నా కుడికాలి బొటనవేలు పిసరంత కదులుతోందని ఆ పొద్దునే ఆమె కనిపెట్టింది. దుప్పటి తీసి, "ఏదన్నా అడుగప్పా, వేలితో చెప్తాడు" అంది.

"ఇంట్లో ఎద్దులెన్నో చెప్పమను" అన్నాడు మామ.

ఉన్న బలమంతా ఆ వేలికి పంపాను. ఒకసారి కదిలించి ఆపాను.

"చూసినావా? రెండుండాయి. ఇది ఉత్త నరాల అదురు."

అమ్మ ఏడుపు ఆగింది. "లేదన్నా. ఒకటి మొన్న ఎండాకాలంలో సచ్చిపాయ. ఇప్పుడు ఒకటే ఉండాది."

జీపును పంపేయమని మామ ఎవరికో చెప్పాడు.

కడపలో ఆ కుర్చీల ముందు ఇదంతా చెప్పాను. సిస్టరమ్మను మిషను చంపలేదు. ఊపిరితిత్తులు చేతులెత్తేశాక కూడా ఐదు రోజులు ఆమె బదులు పని చేసింది. గెలవలేదు, నిజమే. దానికి నాకు ఏడుపొస్తోంది. కానీ ఆ మాట పట్టుకుని రేపు ఇంకెవరి గొట్టమో పీకించి ఇంటికి తీసుకుపోతామంటే నేను ఒప్పుకోను. "మిషను నయం చేయదు, నయమయ్యేదాకా నిలబెడతాది" అని ఆమె ఎంతమందికి చెప్పిందో. ఇకమీద నేను చెప్తాను, ఎవరికి కోపమొచ్చినా సరే.

మామ వచ్చిన మర్నాటికి రెప్పలు లేచాయి. "ఈ పూట సగం ఊపిరి నీది, సగం దానిది" అంటూ మిషను సాయం కొంచెం కొంచెంగా తగ్గించారు. డాక్టరు గొట్టం తీసేసరికి దగ్గి దగ్గి కళ్లనీళ్లొచ్చాయి. సిస్టరమ్మ నా ముక్కు ముందు అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత మామ మణికట్టు పట్టుకుని, ఆయన అరచెయ్యి అక్కడ పెట్టింది. "ఇది మిషనుది కాదప్పా, నీ అల్లునిది" అని చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. మామ చెయ్యి తీయలేదు.