లప్పం పెట్టిన డబ్బాలు

నా చిన్నప్పుడు అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య ఏ గోడకు ఇత్తడి నల్లా ఉందో నాకు తెలుసు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇక్కడి నుంచి మొదలుపెడితేనే మిగతాది అర్థమవుతుంది. నాకూ, వెనక సందులో ఉండే నా దోస్తుకూ అప్పుడు పదకొండేళ్లు. ఇద్దరం ఐదో తరగతితో బడి మానేశాం. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ నల్లాలు తిప్పి ఊడదీసి, పాత సామాన్ల దుకాణంలో అమ్మి, మిర్చీ బజ్జీలు తినేవాళ్లం. ఒకరోజు శ్రీనగర్ కాలనీలో ఒక ఇంటి నల్లా పీకితే వాళ్ల ట్యాంకు మొత్తం ఖాళీ అయిపోయింది. ఆ ఇంట్లో బాలింత ఉంది. ఆ రోజే పట్టుబడ్డాం.

స్టేషన్‌లో ఎస్సై మమ్మల్ని కొట్టలేదు. ఇద్దరినీ బాల నేరస్థుల హోంకు పంపిస్తానన్నాడు. మా అమ్మ ఏడ్చింది. నా దోస్తుకు నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ ముసలామెకు కళ్లు సరిగ్గా కనిపించవు. నీళ్లు తెచ్చేది, అన్నం వండేది ఈ పిల్లే. ఈ పిల్ల పోతే ఆమె గతి ఏమిటో అక్కడ ఎవరూ అడగలేదు.

అప్పుడు మా పక్కింటి అక్క వచ్చింది. ఆమె శ్రీనగర్ కాలనీ ఇళ్లల్లో తోటపని చేసేది. "సార్, వానకాలం అయిపొయ్యేదాంక ఈ ఇద్దర్ని నాకిడిచిపెట్టుండ్రి. చేతులు ఖాళీగ ఉంటేనే గదా నల్లాలు పీకేది" అంది. ఎస్సై సరేనన్నాడు. వారానికోసారి కానిస్టేబుల్‌ను పంపుతాననీ, ఇంకొక్క ఫిర్యాదు వస్తే మాత్రం ఎవరి మాటా విననని చెప్పి వదిలేశాడు.

మా సందు చివర అందరూ చెత్త పోసే జాగా ఒకటి ఉండేది. అక్క మాతో దాన్నే ఎత్తిపోయించింది. వారం పట్టింది. కింద మట్టి నిండా పెంకులు, గాజు ముక్కలు. అందులో ఏమీ మొలవదని అక్క ఇల్లిల్లూ తిరిగి ఖాళీ నూనె డబ్బాలు అడిగి తెచ్చింది. వాటిలో టమాటా, వంకాయ, బంతి పెడదామంది.

మా సందులోనే పెయింటర్ చాచా ఉండేవాడు. అమీర్‌పేటలో సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. సాయంత్రం పని నుంచి వచ్చి, మిగిలిన రంగులు తీసుకుని మా దగ్గర కూర్చునేవాడు. మొక్కలు వచ్చేదాకా డబ్బాలన్నా చూడబుద్ధి కావాలి గదా అనేవాడు. ఆయన పని పద్ధతి ఆయనది. ముందు గీకుడు కాగితంతో తుప్పు రుద్దాలి. తర్వాత సుద్ద పొడి, అవిసె నూనె కలిపి ముద్ద చేయాలి. దాన్నే లప్పం అంటారు. కనపడిన ప్రతి చిల్లునూ, గుంటనూ లప్పంతో నింపి, ఆరాక నున్నగా రుద్ది, ఆ తర్వాతే రంగు. "బేటీ, చిల్లు కనపడంగ రంగేసినవనుకో, గది పని కాదు, మోసం" అని రోజూ చెప్పేవాడు.

ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. బడిలో నా పలకను ఎవరూ బాగుందనలేదు. చాచా మాత్రం నేను రుద్దిన డబ్బా మీద బొటనవేలు పెట్టి చూసి "శాబాష్" అన్నాడు. దాంతో నా ఆరు డబ్బాలూ తిప్పి తిప్పి చూసి, పక్కన ఉన్నా, అడుగున ఉన్నా ఒక్క చిల్లు కూడా వదలలేదు. పైన పావురాలు వేశాను. నా దోస్తుకు అంత ఓపిక లేదు. లప్పం జోలికే పోలేదు. ముందువైపు మాత్రం ఎర్ర బస్సు బొమ్మ వేసి చేతులు దులుపుకుంది. చాచా దాన్ని కామ్‌చోర్, పనిదొంగ అని తిట్టాడు. అది నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

డబ్బాల్లో మట్టి నింపి మొక్కలు పెట్టాం. పదిహేను రోజులు బాగానే ఉన్నాయి. తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. వాన తగ్గాక చూస్తే నా టమాటా మొక్కలన్నీ పసుపు పచ్చగా వేలాడిపోయాయి. నా దోస్తువి మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి పూత కూడా వచ్చింది.

నేను ఒక్క నిమిషం కూడా ఆగలేదు. "ఇదే ఏదో పోసింది. చాచా నన్ను మెచ్చుకున్నడని దీనికి కుళ్లు" అని సందులో అందరి ముందు అరిచాను. నల్లా దగ్గర ఉన్న ఒకామె "అవ్, మొన్న కిరోసిన్ సీస పట్టుకొని పోతుంటే నేను చూసిన" అంది. ఆ రోజుల్లో కిరోసిన్ సీసా పట్టుకోని వాళ్లెవరు? కానీ ఆ మాట ఎవరికీ తట్టలేదు. దొంగతనం చేసిన పిల్ల కదా, ఇది కూడా చేసే ఉంటుంది అనుకున్నారు. నేనూ అదే దొంగతనం చేశానని ఆ పూటకు నాకు గుర్తులేదు.

కానిస్టేబుల్ వచ్చే రోజు కూడా అదే. సైకిల్ గోడకు ఆనించి అందరి మాటలూ విన్నాడు. "నడువు, సారుతోని మాట్లాడుదువు" అని దాని చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పొయ్యలే. దాని మొక్కలతోని నాకేం పని?" అంది నా దోస్తు. ఏడవలేదు. నా వైపు మాత్రం చూసింది. వాళ్ల నాయనమ్మ గోడ తడుముకుంటూ వచ్చి "ఏమైంది బిడ్డా, ఎవలొచ్చిండ్రు?" అని అడుగుతోంది. 

అదే సమయానికి అక్క పని నుంచి వచ్చింది. గోల విని నేరుగా మొక్కల దగ్గరికి పోయింది. నా డబ్బా ఒకటి, దాని డబ్బా ఒకటి తెచ్చి ఇటుకల మీద ఎత్తుగా పెట్టింది. రెండింట్లో చెరో చెంబు నీళ్లు పోసింది. నా దోస్తు డబ్బా అడుగు నుంచి నీళ్లు ధార కట్టాయి. నా డబ్బా నుంచి ఒక్క చుక్క రాలేదు. నీళ్లు పైనే నిలబడ్డాయి. అప్పుడు అక్క నా డబ్బాను గోనెసంచి మీద బోర్లించింది. మట్టి బురదలా జారింది. వేర్లు నల్లగా కుళ్లి, మురుగు మోరీ వాసన వచ్చింది.

చాచా వంగి డబ్బా అడుగున బొటనవేలుతో రాసి చూశాడు. "యా అల్లా, ఏం సఫాయి! నేను సుత గింత సాఫ్‌గ పెట్టలేను" అన్నాడు.

"నీళ్లు దిగనీకె మేకుతోని చిల్లులు కొట్టింది నేనే" అంది అక్క. "ఎందుకు కొట్టిననో మీకు చెప్పకుంటినే. గింత మంచిగ మూసిందెవలు?"

అడిగింది అందరినీ అయినా, కళ్లు నా మీదే ఉన్నాయి. కోపంగా లేవు. అంతకుముందు ఎవరు ఏమడిగినా నా నోట్లోంచి ముందు వచ్చే మాట 'నేను కాదు' అన్నదే. ఆ రోజు కూడా అదే వచ్చేది. కానీ కానిస్టేబుల్ ఇంకా దాని చెయ్యి వదలలేదు.

"నేనే. అది ఏం పొయ్యలే" అన్నాను.

ముందుగా నోరు తెరిచింది నా దోస్తే. "కామ్‌చోర్ అన్నవు గదా చాచా, చూసినవా? కామ్‌చోర్ మొక్కలే బతికినయ్" అంది. చాచా నవ్వి తన చెవులు తనే పట్టుకున్నాడు. కిరోసిన్ సీసా మాట చెప్పినామె బిందె ఎత్తుకుని మెల్లగా వెళ్లిపోయింది. కానిస్టేబుల్ మాత్రం నవ్వలేదు. "మరి ఇప్పుడు సారుకు ఏం చెప్పాలె? ఎవర్ని తీస్కపోవాలె?" అన్నాడు. "ఎవర్నీ వద్దు. సారును ఓసారి వచ్చి చూడుమను" అంది అక్క.

మిగిలిన ఐదు డబ్బాలకూ చిల్లులు నాతోనే కొట్టించింది. మేకు దించుతుంటే నా రంగు పెచ్చులుగా లేచింది. డబ్బా కదలకుండా పట్టుకుంది నా దోస్తే. కానీ ఎనిమిది రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడమని అడగలేదు. వానలు పోయేలోపు రెండు మొక్కలు కోలుకున్నాయి. ఎస్సై నిజంగానే వచ్చి చూశాడు. మమ్మల్ని హోంకు పంపలేదు.

ఇప్పుడు మెట్రో రైలు మా ఇళ్ల మీదుగా పోయినంత దగ్గరగా పోతుంది. ఆ పాత చెత్త జాగాలోనే నేనూ ఇంకొందరూ కలిసి మళ్లీ ఒక తోట వేశాం. బడి మానేసిన పిల్లలు, స్టేషన్ దాకా పోయి వచ్చిన పిల్లలు వస్తారు. మొక్కలు పెడతారు, గోడకు బొమ్మలు వేస్తారు. మొన్న పొద్దున చూస్తే ఆ గోడ మీద ఒక పిల్ల వేసిన చేపల బొమ్మ సగం రాలిపోయి ఉంది. అంతకు ముందు రోజే ఆ పిల్లతో ఒక పిల్లవాడు కొట్లాడాడు. వాడే గీకేశాడని అందరూ వాడి వైపు చూశారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా కళ్లు కూడా ముందు వాడి మీదికే పోయాయి. ఇన్నేళ్లయినా ఆ గుణం నన్ను వదల్లేదు. కానీ ఈసారి గోడ దగ్గరికి పోయి చేత్తో తడిమాను. గోడ చల్లగా, చెమ్మగా ఉంది. వెనకింటి పైపు కారుతోంది. అక్క నా డబ్బా బోర్లించిన రోజు నుంచి నేను నేర్చుకున్నది అంతే. ముందు చెయ్యి పెట్టి చూస్తాను, తర్వాతే నోరు తెరుస్తాను.